చెక్క కాని చెక్క

ఇల్లు కట్టుకుంటున్నవారు, పాత వంటగదిని బాగుచేయించుకుంటున్నవారు ఇటీవలి సంవత్సరాలలో మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: “అరలకూ తలుపులకూ చెక్క వేయించాలా, పీవీసీ బోర్డు వేయించాలా?” మదరసాలో పాఠాలు చెప్పుకునేవారికి వడ్రంగంతో పనేమిటని కొందరికి తోచవచ్చు. కానీ మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఉపాధ్యాయుని వద్దకు పెళ్లి సంబంధం మొదలుకొని బావి పూడిక వరకు అన్ని సంగతులూ వస్తాయి. పైగా మా మదరసాలో మరమ్మతుల లెక్కలు మా చేతిమీదుగానే నడుస్తాయి. మేస్త్రీల పక్కన నిలబడి పని చేయించడంలో కొంత అనుభవం కలిగింది.

సామాన్య కుటుంబం వంటగదికి అరలు చేయించడం జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే జరిగే పని. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అందులో పడుతుంది. ఆ సొమ్ము అంగడివాని మాటల మీద ఆధారపడి ఖర్చు కావడం మాకు బాధ కలిగిస్తున్నది. ఒకడు “ఇది శాశ్వతం, దీనికి ఏమీ కాదు” అంటాడు. మరొకడు “ప్లాస్టిక్ ముక్క, దగ్గరికి రానీయకండి” అంటాడు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. ఈ బోర్డు చూపులకు చెక్కలా ఉంటుంది, చెక్కలా కోతకు లొంగుతుంది, చెక్క అమ్మే అంగట్లోనే దొరుకుతుంది. అయినా దాని స్వభావం వేరు. ఆ స్వభావం తెలిసి వాడినవారికి అది మేలు చేస్తుంది. చెక్కకు చేసినట్లే దీనికీ చేసినవారికి నష్టం, ఒక్కొక్కచోట ప్రమాదం కూడా.

ముందుగా ఇది ఏమిటో తెలుసుకుందాము. పీవీసీ అనగా పాలీ వినైల్ క్లోరైడ్. దీని బరువులో సగానికి మించిన భాగం ఉప్పు నుండి తీసిన క్లోరిన్. తక్కినది ముడిచమురు లేక సహజవాయువు నుండి వచ్చే పదార్థం. మన ఇళ్లలోని నీళ్ల గొట్టాలు, కరెంటు తీగల తొడుగులు దీనితో చేసినవే. 1872లో జర్మన్ రసాయనజ్ఞుడు బౌమన్, ఎండలో ఉంచిన గాజుపాత్రలో అనుకోకుండా ఏర్పడిన తెల్లని గట్టి పదార్థంగా దీనిని గమనించాడు. ఈ పదార్థంలో సుద్దపొడి, మరికొన్ని ద్రవ్యాలు కలిపి, వేడిచేసి, లోపల సన్నని గాలిబుడగలు ఏర్పడేటట్లు పలకగా తీస్తే అది ఫోమ్ బోర్డు అవుతుంది. పై పొరలు గట్టిగా, నున్నగా ఉంటాయి; నడుమ భాగం రొట్టె లోపలివలె బోలుబోలుగా ఉంటుంది. ఈ నిర్మాణాన్ని జ్ఞాపకం ఉంచుకుంటే, ఇకముందు చెప్పబోయే గుణదోషాలలో సగం వాటంతట అవే బోధపడతాయి.

అంగడిలో పేర్ల గందరగోళం ఒకటి. డబ్ల్యూపీసీ అనే మాటకు అర్థం చెక్కపొడి కలిసిన ప్లాస్టిక్ అని. కానీ ఆ పేరుతో అమ్ముతున్న పలకలు చాలావరకు పీవీసీ ఫోమ్ బోర్డులే. చెక్కపొడి స్వల్పంగా ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. స్నానాలగదులకు వాడే, లోపల గుల్లగా ఉండి తడితే డొల్లశబ్దం వచ్చే పలుచని పీవీసీ తలుపులు వేరు. వాటిని చూసి ఈ బోర్డును అంచనా వేయరాదు.

దీని అసలు బలం నీటి వద్ద ఉన్నది. ఎంతకాలం నానినా ఉబ్బదు, పొరలు విడిపోదు, కుళ్లదు. ప్లైవుడ్‌లో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం నీటిని బాగా తట్టుకుంటుందన్నది నిజమే, కానీ దాని కోసిన అంచులను మూయకుండా వదిలితే దానికీ ఆయుష్షు తగ్గుతుంది. పార్టికల్ బోర్డు సంగతి చెప్పనవసరం లేదు. సింకు కింద ఒక్క వర్షాకాలం గడిస్తే అటుకుల మాదిరి ఉబ్బుతుంది. కనుక సింకు కింది అర, స్నానాలగది తలుపు, దాని ద్వారబంధం, వజూ చేసే చోట పెట్టే చెప్పుల అరలు, పక్కింటి గోడ చెమ్మ దిగే మూలలో నిలిపే అలమర: ఇలాంటి చోట్ల పీవీసీ బోర్డును మించినది ఆ ధరలో మాకు కనబడలేదు. చెదలు దీనిని తినవు. అయితే చెదలు దీని మీదుగా మట్టిగూడు కట్టుకుంటూ పోయి వెనుకనున్న చెక్కనో, పైనున్న పుస్తకాలనో చేరగలవు. పీవీసీ వేయించాము కదా అని గోడకు చెదల మందు కొట్టించడం మానుకోవడం వివేకం కాదు.

మరొక మేలున్నది. పార్టికల్ బోర్డులోనూ ఎండీఎఫ్‌లోనూ చెక్కపొడిని అతికించే జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు నెలల తరబడి వెలువడుతుంది; కొత్త అలమర తెరిస్తే కళ్లు మండేది అందుకే. ఫోమ్ బోర్డులో ఆ జిగురు వాడరు. కానీ దీనికీ అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. పీవీసీ వేడికి చెడిపోకుండా కలిపే స్థిరీకారకాలలో సీసపు లవణాలను వాడే అలవాటు పరిశ్రమలో చిరకాలంగా ఉన్నది. నీటి గొట్టాల విషయంలో దీనిని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. ఆ నిబంధనలు గొట్టాలకూ వాటి అమరికలకూ సంబంధించినవి, పలకలకు కాదు. కాబట్టి సీసం లేనిదని రాతపూర్వకంగా చెప్పే తయారీదారు సరుకునే అడగాలి. పసిపిల్లలు తిరిగే ఇంట్లో కోతపొడి నేలమీద పడుతుంది. ఆ నేలమీద పాకే చేతులే నోట్లోకి పోతాయి.

ఇక కొనుగోలు. ఇక్కడ కొంచెం తీరికగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే జరుగుతుంది. ఈ పలకలు సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో వస్తాయి. వంటగది అరలకు 18 మిల్లీమీటర్ల మందం వాడతారు. అంగడివాడు సాంద్రత 0.6 అనో, 0.55 అనో చెబుతాడు. కొనేవారు తల ఊపి డబ్బు చెల్లిస్తారు. దీనిని సరిచూడటానికి ప్రయోగశాల అక్కరలేదు, బియ్యపు బస్తాలు తూచే కాటా చాలు. 8 అడుగులు, 4 అడుగులు, 18 మిల్లీమీటర్లను గుణిస్తే పలక ఘనపరిమాణం సుమారు 53.5 లీటర్లు అవుతుంది. సాంద్రత 0.6 అయితే ఆ పలక 32 కిలోల వరకు తూగాలి. 27 కిలోల లోపే తూగితే అది 0.5 సరుకు. మేము ఒకమారు ఇలా కాటా తెప్పించినప్పుడు అంగడివాడు మొదట నవ్వాడు, తరువాత లోపలినుండి వేరే పలకలు తెప్పించాడు.

అయితే తూకం ఒక్కటే చాలదు. సుద్దపొడి అధికంగా కలిపితే పలక బరువు పెరుగుతుంది, గుణం తగ్గుతుంది. అటువంటి పలక పెళుసుగా ఉండి స్క్రూ దిగేచోట పగులుతుంది. అందుచేత కోసిన తుంపు ఒకటి అడిగి తీసుకుని, అంచుకు దగ్గరలో స్క్రూ బిగించి చూడాలి. కోతముఖంలో బుడగలు సన్నగా, ఒకే తీరుగా ఉన్నాయా, కంటికి కనబడేంత పెద్ద గుల్లలు ఉన్నాయా గమనించాలి. మందాన్ని నాలుగు మూలలా కొలవాలి. 18 అని చెప్పి 16 ఇస్తే పోయేది రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పలక బిగువు మందం యొక్క ఘనంతో మారుతుంది. 16 మిల్లీమీటర్ల పలక 18 మిల్లీమీటర్ల పలకకంటే దాదాపు మూడు పదుల శాతం తక్కువ బిగువుతో ఉంటుంది.

బిగువు అనే మాట వచ్చింది కనుక ఈ బోర్డు యొక్క అతి పెద్ద బలహీనత దగ్గరికి వద్దాము. ప్లైవుడ్‌తో పోల్చితే ఇది చాలా మెత్తన. చెక్కలోని నార పొడవునా బరువును మోస్తుంది, దీనిలో నార లేదు. అంతేకాక, బరువు పెట్టిన మొదటి రోజున ఎంత వంగుతుందో అక్కడితో ఆగదు. నెలలు గడిచేకొద్దీ నెమ్మదిగా ఇంకా కుంగుతూనే ఉంటుంది, ఎండాకాలంలో మరింత త్వరగా. మా మదరసాలో వజూ కుళాయిల వెనుక గోడకు ఆనుకుని గ్రంథాల అలమర ఉన్నది. పాత ప్లైవుడ్ అలమర వెనుకభాగాన్ని చెమ్మ, చెదలు కలిసి తినివేయగా, ఆ స్థానంలో పీవీసీ అలమర చేయించాము. పని చేసిన మేస్త్రి చెక్కకు అలవాటుపడిన చేతితో మూడడుగుల నిడివి అరలు వేసి వెళ్లాడు. తఫ్సీర్, హదీసు సంపుటాల బరువు తెలిసినవారికి ఏమి జరిగిందో చెప్పనక్కరలేదు. ఒక వేసవి గడిచేసరికి అరలన్నీ ఊయల తాళ్లవలె నడుమ జారిపోయాయి.

తరువాత పిలిపించిన పెద్ద మేస్త్రి వాటిని చూసి, “మౌలానా సాబ్, బోర్డు చెడ్డది కాదు. దీన్ని ఇంత దూరం ఒంటరిగా నిలబెట్టకూడదు, అంతే” అన్నాడు. ప్రతి అర నడుమ ఒక నిలువు పలక పెట్టి, మూడడుగులను ఒకటిన్నర అడుగు చేశాడు. ముందు అంచు కింద రెండు అంగుళాల పట్టీని నిలువుగా అతికించి బిగించాడు. పై తరగతి విద్యార్థులకు ఈ లెక్క వివరించినప్పుడు వారు మొదట నమ్మలేదు: అడుగుకు ఇంత అని సమానంగా బరువు పరచిన అరలో కుంగుదల నిడివి యొక్క నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అనగా నిడివిని సగం చేస్తే కుంగుదల సగం కాదు, పదహారో వంతు అవుతుంది. ఒక్క నిలువు పలక ఖర్చుతో ఇంత లాభం మరే మార్గంలోనూ రాదు. ఆ అలమర ఈనాటికీ నిటారుగా ఉన్నది. గృహిణులు గుర్తుంచుకోవలసినది కూడా ఇదే: పప్పుల డబ్బాలు, ఇత్తడి పాత్రలు, గ్రైండరు పెట్టే అరకు ఆధారాల నడుమ ఒకటిన్నర అడుగును మించనీయవద్దు. బట్టల అరకు రెండడుగులు ఫరవాలేదు. మంచం వంటి వాటికి, మనిషి బరువు మోసే దేనికైనా, చెక్కో ఇనుమో ఉండవలసిందే.

తలుపు బందుల దగ్గర ఫిర్యాదులు ఎక్కువగా వింటాము. బోలుగా ఉన్న నడుమభాగం స్క్రూను చెక్కంత గట్టిగా పట్టదు. అంచులో, కోతముఖంలో దిగిన స్క్రూ మరీ వదులు. దీనికి మేకులు పనికిరావు. పెద్ద మరలున్న స్క్రూ వాడాలి, ముందుగా దానికంటే సన్నని రంధ్రం చేయాలి, చేతితో బిగించి పట్టు దొరకగానే ఆపాలి. డ్రిల్లుతో చివరివరకు గిర్రున తిప్పే కుర్రవాళ్లు ఒక్క క్షణంలో లోపలి మరలన్నీ కొట్టేస్తారు. ఒకసారి వదులైన రంధ్రంలో అదే స్క్రూను మళ్లీ బిగించడం వృథా. పక్కకు జరిపి కొత్త రంధ్రం చేయాలి, లేదా ఆ వైపు నుండి ఈ వైపుకు బోల్టు దూర్చి నట్టు వేయాలి. పొడవాటి తలుపుకు రెండు బందులు చాలవు, మూడో నాలుగో వేయించండి.

జిగురు విషయంలో ఒక మాట. వడ్రంగులు వాడే తెల్లజిగురు తనలోని నీటిని చెక్క పీల్చుకోవడం వల్ల గట్టిపడి పట్టుకుంటుంది. పీవీసీ నీటిని పీల్చదు కాబట్టి ఆ జిగురు పైపైన ఆరి, కొద్ది రోజులకు పొట్టులా లేచిపోతుంది. బోర్డుకు బోర్డు అతకడానికి పీవీసీ గొట్టాలు అతికే తరహా సిమెంటు వాడాలి. అది రెండు ముఖాలనూ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. సన్‌మైకా అతికించడానికి రబ్బరు జిగురు వాడతారు. రెండింటికీ ఘాటైన ఆవిరి ఉంటుంది, నిప్పు త్వరగా అంటుకుంటుంది. ఆ పని జరిగే రోజున కిటికీలు తెరిచి, వంటపొయ్యి ఆపి, పిల్లలనూ గర్భవతులనూ మరో ఇంటికి పంపడం మంచిది.

ద్వారబంధాల చుట్టూ, గోడ అడుగున, పైకప్పు అంచున వేసే పట్టీల పనిలో అందరూ మరచిపోయే సంగతి ఒకటి. చెక్క తేమతో అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. పీవీసీకి తేమతో పనిలేదు, వేడితో పొడవు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నానికీ, డిసెంబరు వేకువకూ 30 డిగ్రీల తేడా సులభంగా ఉంటుంది. ఆ తేడాకు 8 అడుగుల పట్టీ నాలుగు మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. చలికాలంలో గోడ నుండి గోడకు బిగుతుగా కొట్టిన పట్టీ ఎండలకు విల్లులా లేస్తుంది. ఎండాకాలంలో అతుకు కలిపి వేసినది చలికాలంలో పళ్ల సందువలె విడుతుంది. అందువల్ల చలిలో వేసేటప్పుడు కొసల వద్ద మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, సిలికాన్‌తో మూయాలి. స్క్రూ రంధ్రాలను గుండ్రంగా కాక కోలగా చేయాలి, పట్టీకి కదిలే వీలుండాలి. ఎండ పడే గోడకు ముదురు రంగు వేయించవద్దు. ముదురు రంగు వేడిని తాగి పట్టీని మెలితిప్పుతుంది. ఎండకు తెల్ల బోర్డు కాలక్రమాన పసుపెక్కుతుంది కూడా.

వేడి గురించి ఇంకొంచెం. ఈ పదార్థం 80 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలని తెలిసినవారికి దీని అర్థం తెలుస్తుంది. పొయ్యి మీదినుండి దించిన గిన్నెను దీనిమీద పెడితే వలయం పడుతుంది. పొయ్యి గట్టుకూ, దాని ఇరుపక్కలకూ, చిమ్నీ చుట్టూ దీనిని వాడవద్దు. అక్కడ రాయి, పలకరాయి, స్టీలు ఉండాలి. అంగళ్లలో అగ్గిపుల్ల వెలిగించి బోర్డుకు చూపి, “చూడండి, అంటుకోదు” అంటారు. మాట నిజమే, మంట తీసివేయగానే తనంతట ఆరిపోతుంది. కానీ ఇంట్లో వేరే వస్తువు అంటుకుని దీనిని కాల్చినప్పుడు వచ్చే పొగ సంగతి ఆ అగ్గిపుల్ల చెప్పదు. దానిని గురించి చివర చెబుతాము. శుభ్రం చేయడానికి సబ్బునీళ్లు చాలు. థిన్నరు, గోళ్లరంగు తీసే ద్రవం తగిలితే పైపొర చెడుతుంది.

మన వడ్రంగుల మాట కూడా చెప్పుకోవాలి. బాడిస, ఉలి, చిత్రిక పట్టడం తెలిసిన పెద్దవారు ఈ బోర్డు పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. వారి అయిష్టంలో న్యాయం లేకపోలేదు. ఒకే పలకను నడుమకు చీల్చి, మేకు లేకుండా దానిలోనే కీలు చెక్కి, విప్పితే గ్రంథపీఠమయ్యే రెహల్‌ను చేయగల చేతులవి. ఆ కీలు నిలబడేది చెక్క నార బలంమీదే. రెహల్ ఆకారాన్ని యంత్రంతో ఫోమ్ బోర్డులో కోసినవీ వస్తున్నాయి, చూడటానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ విప్పుతూ మూస్తూ ఉంటే ఆ కీలు దగ్గరే మొదట విరుగుతుంది. రెహల్ మాత్రం చెక్కదే కొనండి. మరోవైపు, ఈ కొత్త పని కొత్త ఓపికను అడుగుతుంది. అది నేర్చిన మేస్త్రికి కూలి తగ్గించి బేరమాడటం మంచిది కాదు. కోతపొడి గాలికి లేచి, ఒంటికి అంటుకుని, ముక్కులోకి పోతుంది. అతనికి ముసుగు, కళ్లద్దాలు ఇంటివారే తెచ్చి ఇస్తే పోయేదేమీ లేదు. కోత పని ఇంటి బయట చేయించండి. పొడిని నీళ్లతో కాలువలోకి కడిగివేయనీయకండి.

ఇప్పుడు ఆ పొగ సంగతి. ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే చదివే తీరిక ఉన్నవారు దీనినే చదవవలెనని మా కోరిక. వడ్రంగి పని ముగిసిన ఇంట్లో మిగిలిన చెక్కపేళ్లు, తుంపులు నీళ్లపొయ్యి కిందికి పోవడం మన తాతముత్తాతల నాటి అలవాటు. పీవీసీ తుంపులు కూడా చూపులకు తెల్ల చెక్కముక్కలే. పనిమనిషో, ఇంటి పెద్దమ్మో, చలికి వణికే కాపలాదారో తెలియక వాటిని మంటలో వేయడం మేము కళ్లారా చూశాము. అవి ఒంటరిగా మండవు, కట్టెల మంటలో మాత్రం మాడుతాయి. అప్పుడు వాటిలోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికి వస్తుంది. అది కంటి తడిని, గొంతు తడిని తాకగానే ఆమ్లమవుతుంది. ఆ పొగ ఉబ్బసమున్నవారికి వెంటనే ప్రాణం మీదికి తేగలదు. తక్కువ వేడిలో ఇలా మాడేటప్పుడు డయాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా పుడతాయి. అవి బూడిదలో, మట్టిలో చేరి, మేసే కోళ్ల ద్వారా, పశువుల ద్వారా తిరిగి మన పళ్లెంలోకి వస్తాయి, సంవత్సరాల తరబడి శరీరపు కొవ్వులో నిలిచి ఉంటాయి. కావున మేస్త్రి పని ముగించే రోజున తుంపులన్నీ ఒక గోనెసంచిలో వేయించి, అందులో ఏమున్నదో ఇంట్లోని అందరికీ, ముఖ్యంగా పొయ్యి వెలిగించేవారికి, నోటితో చెప్పండి.

ఆ సంచిలోవి పారవేయనక్కరలేదు కూడా. అరచేతి వెడల్పు ముక్కలు తడినేలమీద బీరువా కాళ్ల కింద, ఫ్రిజ్ కింద, నీళ్ల బిందె కింద పెట్టడానికి పనికివస్తాయి. జానెడు పట్టీలు సింకు కింద సబ్బుల అరకు సరిపోతాయి. మా మదరసాలో తరగతి గదుల పేర్ల పలకలన్నీ అలాంటి తుంపులే. విద్యార్థులు వాటిమీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాశారు, రెండు వానాకాలాలు తడిసినా పలకలు చెక్కుచెదరలేదు, రంగు మాత్రం ఒకసారి మళ్లీ దిద్దవలసి వచ్చింది. చివరికి మిగిలిన నుగ్గును, పొడిని మూటకట్టి పురపాలకవారి పొడిచెత్త బండికి ఇవ్వాలి. ప్లాస్టిక్ తుక్కు కొనేవారు తీసుకుంటామంటే వారికి ఇది పీవీసీ అని ముందే చెప్పి విడిగా ఇవ్వాలి. వేరే ప్లాస్టిక్‌తో కలిసి కరిగితే వారి సరుకంతా పాడవుతుంది.